రాఘవమ్మ బిగించిన సిలిండర్

విజయదశమి వెళ్లిన వారంలోనే మా ఉదయశ్రీ తుపాకీలోంచి గాలి కారిపోవడం మొదలైంది. అది బయటపడిన మర్నాడే గుంటూరులో రాష్ట్ర జట్టుకి ఎంపిక పోటీ.

తుపాకీ అన్నానని కంగారుపడకండి. పది మీటర్ల అవతల కాగితం మీది చుక్కని కొట్టే ఎయిర్ రైఫిల్ అది. గొట్టం కింద పొడుగాటి సిలిండర్ ఉంటుంది. అందులో ముందే గాలి కూరి పెడతారు, లారీ టైరులో ఉండేదానికి పాతిక రెట్ల ఒత్తిడితో. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా అందులోంచి గుక్కెడు గాలి వచ్చి పెల్లెట్‌ని తోస్తుంది. సిలిండర్ చివర చిన్న మీటరు. పొద్దున రెండు వందల మీద ఉన్న సూది, ఒక్క పెల్లెట్ కాల్చకుండానే మధ్యాహ్నానికి నూట ఇరవైకి దిగింది. ఇంకా దిగితే పెల్లెట్లు చుక్క కిందికి పడతాయి. పిల్ల రెండేళ్ల కష్టం ఆ సూదితోపాటు దిగిపోతోంది.

అంతకంటే చెడ్డది ఇంకోటుంది. ఉదయశ్రీ తల్లి రాఘవమ్మ మా అక్క. మొగుడు పోయాడు. పత్తి తీతలకి పోయి పిల్లని పైకి తెస్తోంది. దసరా నాడు ఇంట్లో కుట్టుమిషనూ, కొడవళ్లూ, తుపాకీ వరసగా పెట్టి, బొట్టు పెట్టడానికి తోడికోడలు అంకమ్మని పిలుస్తానంది. నేనే అడ్డం పడ్డాను.

"నీ కూతురి తుపాకీకి అంకమ్మెందుకే? నువ్వు పెట్టు. ఎవడేమంటాడో నేను చూసుకుంటా."

అక్క భయపడుతూనే పెట్టింది. ఇప్పుడు తుపాకీ పాడైందని తెలియగానే అంకమ్మ మంచినీళ్ల ప్లాంటు దగ్గర క్యాన్లు పట్టుకునే వాళ్లందరి ముందూ అననే అంది. "ముత్తైదువు చెయ్యి పడాల్సిన చోట పడకపోతే ఇంతే. చెబితే పానకాలు మన మీదికే లేస్తాడు."

పానకాలు అంటే నేనే. లేచాను కూడా. కానీ లేచి ఏం లాభం? ఆ మాట అక్క చెవిలో పడిపోయింది. విన్న దగ్గర్నుంచి తన చెయ్యి తను చూసుకోవడమే పని.

పర్చూరులో ఖాళీగా పడున్న పొగాకు గోడౌనే మా పిల్లల షూటింగ్ రేంజి. నడిపేది మొహిద్దీన్ బాషా మాస్టారు, నాకు బళ్లో డ్రిల్లు నేర్పినాయన. ఉదయశ్రీ తుపాకీ తెచ్చి బల్ల మీద పెట్టింది. అక్క లోపలికి రాలేదు. గుమ్మం బయట, ఎండలోనే నిలబడింది.

"రా అక్కా."

"వద్దులేరా. మీరు చూసుకోండి."

నాకు ఒళ్లు మండింది. "మాస్టారూ, రబ్బరు అరిగిపోయిందని తేల్చండి. ఆ అంకమ్మ మొహాన కొట్టాలి."

"పానకాలూ, నువ్వు అరవడం ఆపితే గాలి చప్పుడు వినపడుద్ది," అన్నాడాయన.

నోరు మూసుకున్నాను. ఏమీ వినపడలేదు. చెవికి అందనంత సన్నగా పోతోంది గాలి.

మాస్టారు లోపల పెల్లెట్ లేదని చూశాడు, గొట్టం గోడవైపు తిప్పించాడు. "గాలి పోయే దారులు మూడే. సిలిండరన్నా కారాలి, ట్రిగ్గర్ నొక్కితే తెరుచుకునే పేలే వాల్వన్నా కారాలి, రెంటికీ మధ్య అతుకన్నా కారాలి. ఉదయా, ముందు ఏది చూస్తావు?"

"సిలిండర్ విడిగా తీసి చూస్తా సార్."

ఉదయశ్రీ మెల్లగా మరలు తిప్పింది. అతుకు దగ్గరున్న కాస్త గాలి తుస్సుమంది. సిలిండర్ విడిపోగానే దాని లోపలి వాల్వు దానంతటదే మూసుకుంటుంది. సిలిండర్‌ని బకెట్ నీళ్లలో ముంచింది. ముగ్గురం బకెట్ చుట్టూ తలలు పెట్టి కూర్చున్నాం. ఒక్క బుడగ లేదు. మీటరు దగ్గరా లేదు, మెడ దగ్గరా లేదు.

"ఇది మంచిదే," అంది పిల్ల, గుడ్డతో పొడిగా తుడుస్తూ.

మళ్లీ బిగించి, గొట్టం మూతికి బూర తొడిగింది. పేలే వాల్వు కారుతుంటే గాలి గొట్టంలోంచే రావాలి, బూర లేవాలి. బూర మేక చెవిలా వేలాడుతూనే ఉంది. నేను దాన్ని కళ్లతోనే ఊదేస్తున్నాను. అదే తప్పని తేలితే ఎంత బాగుండు. పేలే వాల్వుతో మా అక్కకి ఏం సంబంధం? లేవలేదు పాడు బూర.

మిగిలింది అతుకు. సబ్బు నురగ తీసి సిలిండర్ మెడ చుట్టూ పూసింది. ఒక పక్కన నురగ కదిలింది. ఆవగింజంత బుడగ లేచింది, పగిలింది, ఇంకోటి లేచింది.

"దొరికింది," అంది పిల్ల.

మళ్లీ విప్పింది. మెడ మీద మరల పైన సన్నటి గాడి, అందులో నల్ల రబ్బరు రింగు. సూదితో తీస్తే గాడి గీసుకుపోతుందని వెదురు పుల్లతో రింగు లేపి, గాడిలో ఇయర్ బడ్ తిప్పింది. బయటికి తీస్తే దాని కొన ఎర్రగా ఉంది.

అందరికీ అర్థమైంది. దసరా నాడు సిలిండర్ విడిగా పెట్టి ఉంది. మెడ దగ్గర ఇత్తడి తళతళలాడుతుంటే అక్క కళ్లకి అదే దాని మొహంలా కనపడి ఉంటుంది. తడి కుంకం తీసి అక్కడే బొట్టు పెట్టింది. పైన తుడిచింది పోయింది. రింగు కిందికి జారింది ఆరి, పెచ్చు కట్టి, రబ్బరుని ఒక పక్క ఎత్తి పట్టుకుంది. ఆ సందు చాలు.

నేను గొంతు తగ్గించాను. "తుప్పని చెబుదాం."

"ఇత్తడికి తుప్పేందిరా?" అన్నాడు మాస్టారు.

"అంకమ్మకి ఏం తెలుసు ఇత్తడో ఇనుమో. తుప్పు. అంతే. ఇది బయటకు పొక్కితే ఇక మా అక్కని ఏ శుభకార్యంలోనూ బతకనివ్వరు."

ఉదయశ్రీ నా వైపు చూడను కూడా చూడలేదు. ఇయర్ బడ్ పట్టుకుని నేరుగా గుమ్మం దగ్గరికి నడిచింది.

"అమ్మా, ఇది నువ్వు పెట్టిన బొట్టు. రబ్బరు కింద చేరింది. గాలి పోతోంది దీనివల్లే."

అక్క ఆ ఎర్ర కొన వంక చూసింది. "అయితే మీ పెద్దమ్మ అన్నది నిజమేగా."

"పెద్దమ్మ నీ చెయ్యి అంది. నేను కుంకం అంటున్నా. పెద్దమ్మ పెట్టినా కారేది."

"నాకు చెప్పమాకే. చెయ్యే అడ్డం పడింది."

"అట్లయితే లోపలికి రా. నువ్వే బిగిద్దువు గానీ."

పాత రింగు మీద పెచ్చు నొక్కుకుని గాటు పడింది. కొత్తది ఒక్కటే ఉంది మాస్టారి డబ్బాలో. మరలు వంకరగా ఎక్కితే ఆ ఒక్కటీ తెగిపోతుంది. తెగితే రేపు పోటీ లేదు. పైగా అక్క చేతిలో తెగిందంటే, ఆ మాట ఆమె చచ్చినా పోదు.

"ఒద్దమ్మా," అన్నాను ఉదయశ్రీతో. "నువ్వే బిగించు. రేపు పోటీ అయ్యాక తీరిగ్గా చూసుకుందాం."

"ఏం మావయ్యా? నువ్వు కూడా నమ్ముతున్నావా?"

చెంప మీద కొట్టినట్టయింది. మైకు పట్టుకుని మూఢనమ్మకాల మీద గంటసేపు మాట్లాడగలను నేను. ఇప్పుడు మాత్రం బల్ల దగ్గర్నుంచి పక్కకి జరిగాను.

మాస్టారు మాత్రం తాపీగా గాడిని శుభ్రంగా తుడిచి, కొత్త రింగుకి సిలికాన్ గ్రీజు ఒక చుక్క రాసి కూర్చోబెట్టాడు. రేంజిలో గాలి దాచి ఉంచే పెద్ద సిలిండర్‌లోంచి గాలి నింపి, "అమ్మా రాఘవమ్మా, రండి," అన్నాడు. "చెయ్యి కడుక్కుని, పొడిగా తుడుచుకుని మరీ రండి. పత్తి పోగు ఒక్కటి అంటుకున్నా మళ్లీ ఇదే గోల."

అక్క కడుక్కుంది. గుమ్మం దాటింది. సిలిండర్ రెండు చేతులా అందుకుంది. ఉదయశ్రీ తుపాకీని కదలకుండా పట్టుకుంది.

"తిన్నగా పెట్టమ్మా. బలం వద్దు. చేతికి పట్టినట్టు తెలిస్తే ఆపేయి."

"ఇట్టాగా?"

"ఆఁ. కాస్త వెనక్కి తిప్పు. టక్కుమని కూర్చుంటది చూడు. ఇప్పుడు ముందుకి."

మరలు ఎక్కాయి. చివరి చుట్టు గట్టిగా పట్టింది.

నురగ పూశారు. కదల్లేదు. మాస్టారు వంగి చూశాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "పాలమీగడలాగా ఉంది," అన్నాడు. సూది రెండు వందల మీద నిలబడింది. పొద్దువాలే దాకా అక్కడే కూర్చుని చూశాం. అక్క అయితే రెప్ప వేస్తే సూది పడిపోతుందన్నట్టు చూసింది.

ఇంటికొచ్చేసరికి అంకమ్మ వీధిలోనే ఉంది, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లతో. "ఏమైందంట తుపాకీకి?"

నేను నోరు తెరిచాను. అప్పటికీ నా నాలుక మీద తుప్పే ఉంది. అక్క నన్ను దాటి ముందుకెళ్లింది.

"నేను పెట్టిన కుంకం రబ్బరు కింద ఇరుక్కుందక్కా. తీసి తుడిచారు. మళ్లీ నా చేత్తోనే బిగించా. గాలి పోవట్లా."

"నువ్వు బిగించావా?"

"నేనే. నీక్కావాలంటే వచ్చి చూడు."

అంకమ్మ అక్క చేతుల వంక చూసింది. తర్వాత నా వంక చూసింది, నేనేదో ఉపన్యాసం మొదలుపెడతానని. నేను పెట్టలేదు.

"రేపు బస్సు ఎన్నింటికి?" అంది చివరికి.

"ఆరింటికక్కా."

"ఇడ్లీ పెట్టిస్తా. దారిలో పిల్లకి బయట తిండి పెట్టమాకండి, కడుపు చెడితే గురి కుదరదు." చెప్పి చరచరా లోపలికి పోయింది. క్షమాపణ కాదు అది. అంకమ్మకి అంతకంటే చేతకాదు. ఇచ్చింది తీసుకున్నాం.

గుంటూరులో ఉదయశ్రీ ఎంపికైనవాళ్లలో ఆఖరి స్థానంలో గట్టెక్కింది. జట్టులో ఉంది, చాలు. ఆఖరి పెల్లెట్ దాకా సూది కాల్చినంతే దిగింది, అదనంగా గీతంత కూడా దిగలేదు.

బాషా మాస్టారికి దండం. తన ఇల్లు గడవడానికి కాదు, మా పిల్లల కోసం ఆ గోడౌన్ తాళం తీస్తాడు. ఉదయశ్రీకి దండం, మావయ్యని అయినా సరే. నేను ఏళ్ల తరబడి అరిచి చేయలేని పని ఆ పిల్ల ఒక రబ్బరు రింగుతో చేసింది. అందరికంటే అక్కకి. తుప్పని చెప్పి గెలుద్దామనుకున్నాను నేను. ఆమె కుంకం అని చెప్పి గెలిచింది.

తిరుగు బస్సులో అక్క తుపాకీ పెట్టెని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కండక్టర్ పైన పెట్టమంటే వినలేదు. చిలకలూరిపేట దాటాక పత్తి చేలు మొదలయ్యాయి. "ఎల్లుండి నుంచి తీతకి పోవాలిరా," అంది నాతో, కిటికీలోంచి కాయ పగిలిన చేలని చూస్తూ. ఆ రెండు చేతులూ పెట్టె మీద నిబ్బరంగా ఉన్నాయి.