నా పేరుతో వచ్చిన ఉత్తరం

ఆదివారం పొద్దున జొన్నరొట్టెలు చేస్తుంటే మా ఆయన నిరంజన్ పేపరు తెచ్చి పిండి గిన్నె పక్కన పెట్టాడు. "నీ ఉత్తరం వేసిండ్రు, చూడు" అన్నాడు. నేను ఉత్తరమేదీ రాయలేదు.

పాఠకుల లేఖల్లో నా పేరుంది. ఉమ, చరిత్ర అధ్యాపకురాలు, వనపర్తి. "పోయిన వారం నా వ్యాసంలో తొందరపడ్డాను. యూదుల మారణహోమం నిజంగా జరిగిందా అన్న దానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. ఎవరినైనా నొప్పించి ఉంటే మన్నించాలి."

రొట్టె మాడుతోందని అత్తమ్మ అంటే తిరగేశాను.

మా కాలేజీ వార్షికోత్సవంలో కరస్పాండెంట్ బాలరాజు హిట్లర్ క్రమశిక్షణను మెచ్చుకున్నాడు. లక్షలమందిని చంపారన్నది కట్టుకథ అన్నాడు. నా దగ్గర చరిత్ర చదివే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి, అన్నం ఉడికేలోపు కొంత, అంట్లు తోమాక కొంత, ఆ చావులు నిజమేనని ఆ వ్యాసం రాశాను. అచ్చయిన రోజు నిరంజన్, "వనపర్తిల ఒక్క యూదుడన్నా ఉన్నడా? ఎవరి కోసం కొట్లాడుతున్నవ్?" అన్నాడు.

ఇప్పుడు పీట మీద కూర్చుని రొట్టె తుంచుతూ, "బాలరాజు నిన్ను తీసేస్తనన్నడు. నీ నౌకరీ కోసమే రాసిన" అన్నాడు.

"మొగోడు ఇంటి మంచికే చేసిండు. గింత దానికి మొకం గట్ల పెడ్తవేందమ్మా?" అంది అత్తమ్మ.

నా మొహం ఎట్లా ఉందో నాకు తెలియదు. కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. అతను కూర అడిగితే వేశాను. ఉత్తరం మళ్లీ చదివాను. నేనైతే 'మన్నించండి' అని రాస్తాను. అదొక్కటి తప్ప అంతా నా వాక్యంలాగే ఉంది. నా రాతలు చదివే తీరిక లేదనే మనిషికి నా వాక్యం ఇంత బాగా ఎప్పుడు పట్టుబడింది? పెళ్లిలో ఇంటిపేరు మార్చారు, ఊరుకున్నాను. జీతం అతని చేతిలో పెట్టమన్నారు, పెట్టాను. చుట్టాలొస్తే "మా ఆమె ఏవో రాస్తది" అని నవ్వేవాడు, నేను చాయ్ ఇచ్చేదాన్ని. అన్నీ ఇచ్చేశాక మిగిలింది ఆ రాతే. దానితోనే, చచ్చిపోయినవాళ్లు చావలేదని చెప్పించాడు.

చేతులు కడుక్కుని హైదరాబాదుకు ఫోన్ చేశాను. సంపాదకుడు అనంతయ్యగారే ఎత్తారు.

"ఆ ఉత్తరం నేను రాయలేదు సార్."

"ఎవరో ఆకతాయి పని అని రేపు సవరణ వేస్తాంలెండి, అమ్మా."

"ఆకతాయి పనా?" అన్నాను.

నిరంజన్ రొట్టె నమలడం ఆపాడు. అత్తమ్మ దగ్గరికొచ్చి, "గట్లనే అను బిడ్డా, పరువు దక్కుతది" అని మెల్లగా అంది.

"ఆకతాయి కాదు సార్" అన్నాను. "నా భర్త నిరంజన్ రాసిండు. ఆ పేరుతోనే వేయండి."