దానియేలు వంతు వాగ్దానం

గోపన్‌పల్లిలోని మా ఇంటిని మ్యూజియం చేస్తామంటే సరేనన్నది నేనే. మా ఆయన దానియేలు కవి. పోయి రెండేళ్ళయింది. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక కూడా మా పెంకుటిల్లు మిగిలిందంటే సంతోషమే మరి. తీరా రేపు ప్రారంభమనగా వచ్చి చూద్దును కదా, పెయింటర్ రామన్న పడగ్గదిలో గోడబీరువా తెరిచి, తలుపు లోపల అంటించిన కార్డులను గీకబోతున్నాడు.

"ఏయ్, ఆగు! ఎవలు చెప్పిన్రు నీకు?"

"ఉదయ్ సార్ చెప్పిండమ్మా. నన్నేమంటవ్?"

మ్యూజియం చూసుకునేది ఉదయ్ భాస్కర్. కాకినాడ వైపు మనిషి. మా ఆయన కవితలు నాకన్నా అతనికే బాగా వచ్చు. నా కేకకు పరుగున వచ్చాడు.

"రెబెక్కమ్మగారూ, అవి చర్చి కార్డులు కదండీ. సార్ జీవితమంతా దేవుడు లేడనే రాశారు. చూసినవాళ్ళు పైకొకటి, లోపలొకటి అనుకోరా అండీ?"

నాకు ఒళ్ళు మండింది. ఆయన కళ్ళజోడు పెట్టారు, చెప్పులు పెట్టారు, విరిగిన కలాన్ని కూడా అద్దాల పెట్టెలో పెట్టారు. నలభై ఏళ్ళు ఇక్కడే కాపురం చేసిన నాది ఒక్క గరిటె లేదు. ఈ ఇంట్లో నావంటూ మిగిలినవి ఆ కార్డులే.

కొత్త సంవత్సరం ఆరాధనలో బైబిలు వాక్యాలు రాసిన కార్డులను పళ్ళెంలో బోర్లించి తెస్తారు. మనిషికొకటి తీసుకోవాలి. ఆ ఏడాదికి అదే మన వాగ్దానం. ఆయన చర్చి గడప తొక్కేవాడు కాదు. అందుకని ఆయన వంతుది కూడా ఏటా నేనే తీసేదాన్ని.

"ఇవి ఎవలు అంటించిన్రనుకుంటున్నవ్?"

"మీరే కదండీ?"

"నాకంత ఓపిక యాడిది? ఆయనే. అన్నం మెతుకులు మెదిపి, 'మీ దేవునికి వేరే పనిలేదా, నా ఎంట పడ్డడు' అని తిట్టుకుంట, మూలలు సమానంగ చూసి మరీ అంటించేటోడు. ఒక్కటి గూడ చదవలే. నేను తెచ్చినయని పారెయ్యలే గూడ."

ఉదయ్ తలుపు దగ్గరికి వంగాడు. నావొక వరుస, ఆయనవొక వరుస. అన్నీ కొలిచి పెట్టినట్టున్నాయి. ఆయన వరుసలో చివరిది వంకరగా ఉంది, అంచు లేచింది.

"మరి ఇదేంటండీ, ఇలా ఉంది?"

లేచిన అంచును వేలితో అదిమాను.

"గది నేనంటించిన. ఆయన నవంబర్ల పోయిండు. జనవరిల పళ్ళెం ముందటికొచ్చింది. చెయ్యి ఊకోలే బిడ్డా, రెండోది తీసిన. పాస్టరుగారు చూసిండు గానీ ఏమనలే."

ఉదయ్ రామన్న చేతిలోంచి గీకే రేకు తీసుకుని కిటికీలో పెట్టాడు. అతని టిఫిన్ బాక్సు అడిగి, రెండు మెతుకులు వేలితో మెదిపాడు. లేచిన అంచుకు రాసి, కార్డును నిటారుగా జరపబోయాడు.

నేను చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు బిడ్డా, అట్లనే ఉండనియ్. గది నా చేతి పని."