పిలుపు లేని పావుగంట

“ఒక వెంట్రుక పెరికియ్యి,” అన్నాడు లక్ష్మీపతి.

పుష్పావతి బియ్యం కడుగుతోంది. ఎందుకని అడగలేదు. పెళ్లయిన ఈ పన్నెండేళ్లలో ఆ ఇంట్లో ఆమెను అడగని వస్తువంటూ లేదు. వెంట్రుక అడగడం మాత్రం ఇదే మొదలు. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని జడలోంచి ఒకటి లాగి ఇచ్చింది. “ఇంగోటి,” అన్నాడు. ఇంకోటి ఇచ్చింది. రెంటినీ ట్యూబులైటు కింద పట్టుకుని అటూ ఇటూ చూసి, “శానా మందంగా ఉండాదే,” అని పెదవి విరిచాడు. పెళ్లిచూపుల్లో ఇదే జుట్టును చూసి పలచన అని పెదవి విరిచింది అతని తల్లి తిరుపాలమ్మ. తల్లీకొడుకులకు ఎంత లావు వెంట్రుక నచ్చుతుందో దేవుడికే తెలియాలి అనుకుని, పుష్పావతి మళ్లీ బియ్యంలో చెయ్యి పెట్టింది.

లక్ష్మీపతి యాడికి అనే ఊళ్లో హైస్కూలు సైన్సు సారు. బెంగుళూరులో ఎవరో వాడి వదిలేసిన చిన్న టెలిస్కోపును రెండేళ్ల కిందట బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. కన్నకూతురు సుష్మనైనా అంత జాగ్రత్తగా ఎత్తుకున్న పాపాన పోలేదు. మొదట్లో చందమామనూ శనిగ్రహం చుట్టూ ఉండే ఉంగరాన్నీ చూసి, వీధివాళ్లకు చూపించి మురిసిపోయాడు. తర్వాత ఫోటోల పిచ్చి పట్టుకుంది. టెలిస్కోపుకు కదలని చోటు కావాలన్నాడు. పెరట్లో కదలనిదంటే పుష్పావతి బట్టలుతికే బండ ఒక్కటే. టెలిస్కోపు ఆ బండ ఎక్కింది. ఆమె ఉతుకుడు పక్కనున్న పొట్టి రాయి మీదికి దిగింది. బండ ఎత్తు తనకు సరిగ్గా సరిపోయిందని అతను సంతోషపడ్డాడు. ఆ రోజు నుంచి ఆమె నడుము మరి కాస్త వంగింది గానీ, అది ఎవరి దృష్టికీ రాలేదు.

ఆకాశాన్ని ఫోటో తీయడమంటే ఒక్క నొక్కుతో అయ్యేది కాదు. చీకట్లో కెమెరా కన్ను పావుగంట సేపు తెరిచి ఉంచాలి. ఆ పావుగంటలో భూమి తిరిగిపోతుంది, చుక్కలు జరుగుతాయి, ఫోటోలో చుక్కకు బదులు గీత పడుతుంది. గీత పడకూడదంటే కెమెరాను టెలిస్కోపు వీపుకు బిగించి, ఒక మనిషి టెలిస్కోపులో కన్ను పెట్టి, ఒక చుక్కను పట్టుకుని, అది జరిగినంత మేరా పక్కనున్న మరను వేలితో తిప్పుతూ పోవాలి. గురి తప్పకుండా ఉండటానికి, కన్ను పెట్టే అద్దంలో అడ్డంగా ఒక వెంట్రుక, నిలువుగా ఒక వెంట్రుక అతికిస్తారు. చుక్కను కాస్త మసక చేస్తే చిన్న బిళ్లలా కనబడుతుంది. వెంట్రుకలు దాన్ని నాలుగు ముక్కలు చేస్తాయి. ఓళిగను నలుగురు పిల్లలకు తుంచి ఇచ్చినట్టు, ఏ ముక్కా పెద్దదీ చిన్నదీ కాకుండా పావుగంట చూసుకోవాలి. అంతే పని.

ఆ అంతే పని లక్ష్మీపతి వల్ల కాలేదు. ఒకసారి మెడ పట్టింది, ఒకసారి దోమ కుట్టింది, ఒకసారి దగ్గొచ్చింది. ఆరు రీళ్లు పాడయ్యాయి. కడిగిన స్టూడియో అతను, “ఏమీ పళ్లేదు సార్, అన్నీ గీకులే,” అని తిరిగిచ్చాడు. ఏడో రీలుకు లక్ష్మీపతి భార్యను పిలిచాడు. “నువ్వు తిప్పు పుష్పా. నీకు ఓపికెక్కువ.” మగవాళ్లు ఓపిక అని దేన్ని అంటారో పుష్పావతికి బాగా తెలుసు. సంకటి గెలికేదాన్ని ఓపిక అంటారు, అత్త కాళ్లు పిసికేదాన్ని ఓపిక అంటారు, వాళ్లు చేయలేని పని ఏదైనా సరే ఆడదానికి పుట్టుకతో వచ్చిన ఓపిక అయిపోతుంది.

అది రెండువేల రెండు, జూన్ నెల. రాత్రి తొమ్మిది కాకముందే ఇంట్లో దీపాలన్నీ ఆర్పించాడు లక్ష్మీపతి. దక్షిణం వైపు వేలు చూపించి, “అదో, ఎర్రగా ఉండాది సూడు, అది జ్యేష్ఠ. దాన్ని పట్టుకో,” అన్నాడు.

పుష్పావతి ఆ వేలి కొసనే చూసింది. జ్యేష్ఠ ఆమె పుట్టిన నక్షత్రం. జ్యేష్ఠలో పుట్టిన పిల్లను చేసుకుంటే పెళ్లికొడుకు అన్నకు గండమని, ఆమెకు నాలుగు సంబంధాలు వీధి గడప దాకా వచ్చి తిరిగిపోయాయి. లక్ష్మీపతి ఇంటికి పెద్దకొడుకు కాబట్టి ఈ సంబంధం కుదిరింది. కాపురానికొచ్చిన మొదటిరోజే తిరుపాలమ్మ పదిమందిలో అంది: “మావానికి అన్న లేడు కాబట్టి సరిపోయింది. లేకుంటే నిన్నెవరు చేసుకుంటారమ్మా?” ఆ మాట పండక్కొకసారి, పబ్బానికొకసారి వినబడుతూనే ఉంది. ముప్పైరెండేళ్లుగా ఆ నక్షత్రం పేరు మోసింది గానీ దాని ముఖం ఎప్పుడూ చూడలేదు. చూపించిన మొగుడికి ఈ సంగతి గుర్తుందేమోనని అతని వైపు చూసింది. అతను కెమెరా మీదికి వంగి ఉన్నాడు. అతనికేమీ గుర్తు లేదు.

ఆమె కన్ను పెట్టింది. నల్లటి నలుపులో చిన్న ఎర్రటి నిప్పుకణిక, ఆమె వెంట్రుకల మధ్య వణుకుతోంది. ఇంతేనా, నువ్వేనా నా మీద ఇన్ని మాటలు పడేట్టు చేసింది, అని లోపల్లోపల అడిగింది. దాని ముఖంలో ఏ పాపమూ కనబడలేదు. మరను వేలితో నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టింది.

నాలుగు నిమిషాలు కాలేదు, లోపలి చీకట్లోంచి తిరుపాలమ్మ గొంతు. “పుష్పావతీ! నా వక్కాకు సంచి యాడ పెట్టినావే?” పుష్పావతి వేలు దానంతటదే ఆగబోయింది. అప్పుడు జరిగింది ఆ ఇంట్లో ఎన్నడూ జరగనిది. లక్ష్మీపతి గొంతు చించుకుని, “మ్మా! దాన్ని పిలవాకు! ఫోటో పోతాది!” అని అరిచాడు. మళ్లీ ఎవరూ పిలవలేదు. మొగుడు గానీ, అత్త గానీ, నిద్ర మత్తులో సుష్మ గానీ. పావుగంట మొత్తం.

ఆ ఫోటోలో చుక్కలు చుక్కల్లాగే పడ్డాయి. అప్పటినుంచి చందమామ లేని రాత్రుల్లో ఆ పావుగంట ఆమె పనైంది. కొన్నిసార్లు రాత్రికి రెండు పావుగంటలు కూడా. మొదటి నాలుగైదు సార్లు మనసులో పప్పు నానబెట్టానా, సుష్మ యూనిఫాం ఆరిందా, పొద్దున నీళ్లు ఎన్నింటికి వదుల్తారు అనే తిరిగింది. తర్వాత ఆ ఆలోచనలన్నీ అయిపోయాయి. అవి అయిపోతాయని, అయిపోయాక కూడా తాను మిగిలే ఉంటుందని ఆమెకు అంతవరకూ తెలియదు. నిప్పుకణిక మెల్లగా జరుగుతుంది, ఆమె మెల్లగా మర తిప్పుతుంది. జరిగేది అది కాదు, నేల అని లక్ష్మీపతి పిల్లలకు పాఠం చెబుతుంటే వినింది గానీ, ఇప్పుడు ఒంటికి తెలిసింది. కాళ్ల కింద పెరడు, యాడికి, తాడిపత్రి రోడ్డు, కళ్యాణదుర్గం దగ్గరి పుట్టిల్లు, అన్నీ కలిసి తూర్పుకు దొర్లిపోతున్నాయి. తాను ఒక్కతే వేలి కొసతో ఆ దొర్లుడుకు ఎదురు తిప్పుతూ, కదలకుండా నిలబడి ఉంది. ఆ నిలబడ్డంలో చిన్నప్పటివి ఒక్కొక్కటే వచ్చేవి. చెనిక్కాయ కుప్పకు కావలి పడుకున్నప్పుడు నాయన పైకి చూపించి పేర్లు చెప్పిన చుక్కల గుంపులు, మంచంకోళ్లు, పిల్లలకోడి. కాయల పచ్చివాసన. ఎనిమిదో తరగతిలో లెక్కల టీచరు భుజం తట్టి అన్న మంచి మాట. ఒకసారి ఏదో పాట కూనిరాగం తీసి, తన గొంతు విని తానే ఉలిక్కిపడింది. తనకు పాట వచ్చని ఆమె మర్చిపోయి ఎన్నాళ్లయిందో. పావుగంట అయ్యాక “చాల్లే” అని లక్ష్మీపతి అంటే, నిద్రలోంచి లేపినట్టు అయ్యేది. ఏడుపు వచ్చేది. ఎందుకో చెబితే నవ్వుతారని చెప్పలేదు.

ఆ ఏడాది వాన రాలేదు. “మబ్బు తునక లేదు పుష్పా!” అని లక్ష్మీపతి పైకి చూసి చేతులు రుద్దుకునేవాడు. పుట్టింటి నుంచి నాయన ఆదెన్న ఫోను చేసి, “మబ్బు తునక లేదమ్మా, ఇత్తనం ఎట్లెయ్యల్ల?” అనేవాడు. ఒకటే ఆకాశం. ఆమె ఏమని కోరుకోవాలి? సిగ్గుపడుతూనే, నాయన ముఖం కళ్ల ముందు కదులుతున్నా సరే, రాత్రికి మబ్బు పట్టకూడదని కోరుకునేది.

ఆగస్టులో అనంతపురంలో జిల్లా సైన్సు ప్రదర్శన జరిగింది. వృశ్చికం తోక, దాని పక్కన పాలపుంత పడిన ఫోటోకు అద్దం కట్టించాడు లక్ష్మీపతి. బస్సు కుదుపులకు పగలకుండా అది పుష్పావతి ఒళ్లో ప్రయాణం చేసింది. కింద అందంగా రాయించాడు: “చిత్రం: లక్ష్మీపతి, ఎం.ఎస్సీ., బి.ఇడి.” కాలేజీ పిల్లలు మూగారు. ఒకతను అడిగాడు: “పావుగంట సేపు ఎట్ల పట్టుకున్నారు సార్?” లక్ష్మీపతి కళ్లజోడు సర్దుకుని, “ఓపిక ఉండల్లప్పా. కన్ను తీయగూడదు,” అన్నాడు. టిఫిన్ క్యారియర్ పట్టుకుని వెనకే నిలబడిన పుష్పావతికి కోపం రాలేదు. పేరు పోయినా పావుగంట తనకే ఉంది కదా, అదే లాభం అనుకుంది. ఎంత పిచ్చిది!

అక్కడికి నరసింహప్ప వచ్చాడు. బెంగుళూరులో ఇంజనీరు, లక్ష్మీపతితో చదువుకున్నవాడు. ఫోటో చూసి మెచ్చుకుని, ఆ మర ఎవరు తిప్పుతారని అడిగాడు. “మా ఇంట్లోదాన్ని తిప్పమంటా,” అన్నాడు లక్ష్మీపతి. నరసింహప్ప మంచివాడు. “అయ్యో, పాపం ఎందుకప్పా ఆ చాకిరి?” అని, పది రోజుల్లో ఒక చిన్న మోటారు పంపించాడు. బ్యాటరీతో నడుస్తుంది. మరకు తగిలిస్తే దానంతటదే భూమి వేగానికి సరిగ్గా తిరుగుతుంది. “ఇంగ నీకు శ్రమ తప్పిందిలే,” అన్నాడు లక్ష్మీపతి, పెళ్లాం మీద దయ చూపించిన సంతోషంతో. తిరుపాలమ్మ ఇంకా సంతోషించింది. “పోనీలే, ఆ ఏళకు నా కాళ్లకన్నా నూనె రాస్తాది.”

మోటారు చెడిపోతుందేమోనని పుష్పావతి లోపల్లోపల ఆశపడింది. అది చెడిపోలేదు. నమ్మకంగా పనిచేసింది.

మొదటిరోజు అది పెరట్లో గుంయ్యిమంటుంటే ఆమె వంటింట్లో కొవ్వొత్తి వెలుగులో కూర్చుని ఎన్ని పిలుపులు వస్తాయో చూసింది. నూనె కావాలి. మంచినీళ్లు కావాలి. పెన్సిలు కనబళ్లేదు. కిటికీ మూయి, తెరువు. టార్చి ఎక్కడ, టీ కాస్త పెట్టు. పావుగంటలో పదకొండు. తనను పిలవొద్దని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదని అప్పుడు అర్థమైంది. ఫోటోను చెడగొట్టొద్దు అన్నారు, అంతే. ఆ పావుగంట తనకిచ్చింది కాదు. మరకు ఇచ్చింది. ఆ అవసరం తీరగానే వెనక్కి తీసుకున్నారు, తీసుకున్నట్టు కూడా వాళ్లకు తెలియకుండా. ఆ రాత్రి అందరూ తిన్నాక, గిన్నెల ముందు కూర్చుని ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంట్లో ఎవరూ చచ్చిపోలేదు, ఎవరూ కొట్టలేదు, చాకిరి తప్పించారు కూడా. అయినా ఏదో తన దగ్గర్నుంచి లాక్కున్నట్టే ఉంది, దాని పేరు చెప్పమంటే ఆమెకు రాదు.

మూడో రోజు సాయంత్రం. సెప్టెంబరు అమావాస్య. ఏడున్నరకే చిమ్మచీకటి. లక్ష్మీపతి మోటారు బిగించి, కెమెరా తెరిచి, నులకమంచం మీద వాలాడు. పుష్పావతి వంట సగంలోనే పొయ్యి ఆర్పింది. చేతులు కడుక్కుని పెరట్లోకొచ్చి, తాను బట్టలుతికే పొట్టి రాయి మీద కూర్చుంది. తల పైకెత్తింది.

ఇన్నాళ్లూ చూసింది ఒక్క చుక్కనే. దాన్ని వదిలేస్తే ఇంత ఉందని ఆమెకు తెలియదు. తెల్లటి పొగలా పాలపుంత ఇంటి మీదుగా పారుతోంది. ఎక్కడ చూడాలో చెప్పేవాళ్లు లేరు. కన్ను ఎటు పోతే అటు పోనిచ్చింది. వేళ్లకు ఏ పనీ లేదు. ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి.

“వంటయిందా?” అన్నాడు లక్ష్మీపతి.

“కాలేదు.”

“మరి ఈడెందుకు కూచున్నావు? మోటారు తిప్పుతాంది గదా, నీకేం పని?”

“పనేం లేదు. అందుకే కూచున్నా.”

అతను మంచం మీద లేచి కూర్చున్నాడు. ఏదో అనబోయేంతలో లోపల్నుంచి తిరుపాలమ్మ పిలిచింది. “పుష్పావతీ! నా బీపీ మాతర ఇయ్యవే!”

పుష్పావతి కదల్లేదు. రెండోసారి పిలుపు ఇంకా గట్టిగా వచ్చింది. లక్ష్మీపతి చీకట్లో ఆమె ముఖం కేసి చూశాడు.

“మా అమ్మ పిలుస్తాండాది.”

“ఇనపడతాండాది,” అంది పుష్పావతి. గొంతు ఆమెకే ఆశ్చర్యమేసేంత నెమ్మదిగా వచ్చింది. “మీరు పోయి ఇయ్యండి. మోటారు తిప్పుతాంది గదా, ఫోటో ఏం పోదు.”

మంచం కిర్రుమంది. అతను కాళ్లతో చెప్పుల కోసం నేలంతా తడిమాడు. నడిచి, వంటింటి గడప దగ్గర ఆగాడు.

“మాతర్లు యాడుంటాయి?”

ఆ ఇంట్లో ఏది ఎక్కడుందో ఆమె నాలుక చివరే ఉంటుంది. పుష్పావతి నోరు తెరిచి, మూసింది. ఆకాశం మీంచి కన్ను తీయలేదు.

“ఎతుక్కోండి,” అంది.