గుంటలోంచి తీసిన ఇనుము

1968 జూలై 9, మంగళవారం పొద్దున్న. గజపతినగరం దాటాక రోడ్డు వార ఉన్న దిబ్బపేటలో జగ్గమ్మ గేదె చచ్చిపోయింది. ముందురోజు అది చెత్తదిబ్బ కింద నిలిచిన నీళ్లు తాగింది. ఆ నీళ్లు నల్లగా ఉన్నాయి.

దిబ్బ కాంట్రాక్టరు బంగారురాజుది. ఊరి చెత్త, రంగుల ఫ్యాక్టరీ మడ్డి అక్కడే పోయిస్తాడు. వాన పడితే దిబ్బలో ఊరిన నీరు కాలవ కట్టి పేట బావి వైపు దిగుతుంది. పేటకు ఉన్నది ఆ ఒక్క బావే.

విజయనగరం కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే నారాయణమూర్తి వచ్చి చూశాడు. ఇనుము కొంత విషాన్ని పట్టి ఉంచుతుందన్నాడు. అవి ఏరువాక రోజులు. కమ్మరి సూరయ్య కొలిమి దగ్గర ఆకురాయితో రాసినప్పుడు రాలిన ఇనుప పొడి పోగై ఉంది. ఇంటింటి నుంచి అరిగిన నాగటి కర్రులు, ఎద్దుల నాడాలు వచ్చాయి. కాలవకు అడ్డంగా గుంట తవ్వి, ఇసక, ఇనుము పొరలుగా నింపారు. నల్లగా దిగిన నీరు అవతల తేటగా వచ్చింది. బావి నిలిచింది.

దిబ్బ తీయించమని పేట పెట్టుకున్న అర్జీ మీద తాసీల్దారు ఆగస్టులో వచ్చాడు. బంగారురాజు అదే జీపులో వచ్చాడు. వచ్చినవాళ్లకు ముందు చెంబుతో నీళ్లివ్వడం పేటలో అలవాటు. సూరయ్య బావి నీళ్లు తోడి ఇచ్చాడు. తాసీల్దారు తాగాడు.

"నీళ్లు బాగానే ఉన్నాయే," అన్నాడు.

"నేను మనవి చేసింది అదేనండి," అన్నాడు బంగారురాజు.

సూరయ్య గుంట చూపించబోయాడు. తాసీల్దారు జీపెక్కేశాడు. శుక్రవారం నుంచి మడ్డి బళ్లు రోజూ వస్తాయని బంగారురాజు చెప్పి వెళ్లాడు.

సాయంత్రం జనం కొలిమి దగ్గర చేరారు.

"ఏటి సూరయ్య మావా, సెంబుడు నీళ్లిచ్చి మన పీకలు కోయించేసినావు," అంది జగ్గమ్మ.

"గుమ్మంలోకొచ్చినోడికి నీళ్లివ్వొద్దేటే?"

"ఇవ్వాల. నల్లవి ఇవ్వాల."

కొందరు నవ్వారు. సూరయ్య నవ్వలేదు.

"ఇనుము తీసేద్దాం. మనం కడిగి ఇస్తన్నంతకాలం ఆడు పోస్తానే ఉంటాడు," అంది జగ్గమ్మ.

"తీస్తే బావి పోతాది. పిల్లలేటి తాగుతారే?"

కబురందుకుని వచ్చిన నారాయణమూర్తిని అడిగారు. ఇనుము తుప్పు పట్టి గడ్డకడుతుందని, మడ్డి పెరిగితే ఇంకా తొందరగా కడుతుందని, ఆ తర్వాత గుంట పనిచెయ్యదని అతను చెప్పాడు. బావి చెడితే ఎన్నాళ్లకు బాగవుతుందో తనకూ తెలియదన్నాడు.

"బావి తోడితే మళ్లీ ఊరతాది. దిబ్బ తోడగలమేటి?" అంది ముసలి దాలమ్మ. "అందాకా చంపావతి ఏట్లోంచి మోసుకుందుం."

సూరయ్యే లేచి పారలు బయట పెట్టాడు.

శుక్రవారం మడ్డి బళ్లకు కాపలాగా పోలీసులు వచ్చారు. పేట మొత్తం గుంట దగ్గర ఉంది. తట్టల్లో ఇనుము పైకి వస్తోంది. గుంట ఖాళీ అయ్యాక నల్లనీళ్లు బావి వైపు పారాయి. ఇంకో పాయ రోడ్డెక్కింది. మడ్డి బళ్ల ఎడ్లు ఆ నీళ్లలో అడుగు వేయలేదు.

"ఎవడ్రా తీయమన్నది? ఈ ఇనుమెవడిది?" అన్నాడు ఎస్సై.

జగ్గమ్మ తట్టలోంచి తుప్పు పట్టిన నాడా తీసింది. "ఇది మా ఎద్దుది."

"ఆ కర్రు నాది."

"పక్కది నాది బాబూ. కొన అరిగిపోనాది, సూసుకో."

"పొడంతా నా కొలిమిది," అన్నాడు సూరయ్య.

ఇనుము పట్టుకుని నిలబడ్డవాళ్లను వ్యానెక్కించారు. సూరయ్య, జగ్గమ్మ అందులో ఉన్నారు. వ్యాను నిండింది. మిగిలినవాళ్లు ఇనుము కింద పెట్టలేదు.

శనివారం పొద్దున్నకు బావి నీళ్లు నల్లబడ్డాయి. మడ్డి బళ్లు మళ్లీ వచ్చాయి. దిబ్బకు వెళ్లే దారికి అడ్డంగా దాలమ్మ, పేట ఆడవాళ్లు ఖాళీ బిందెలతో కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నానికి బళ్లు వెనక్కి తిరిగాయి.