నిమ్మపిందెల మీద కారు

కారు పూర్తయితేగానీ విశాఖ రానని నాగరాజు మొండికేశాడు.

కారంటే రోడ్డు మీద తిరిగేది కాదండోయ్. అరచేతిలో ఇమిడేది. తాతలనాటి టాపులేని కారుకి చిన్న నమూనా. అగ్గిపుల్లంత ఇరుసులు, వెంట్రుకల్లాంటి ఊచలున్న చక్రాలు, గోరంత దీపాలు, అన్నీ విడివిడిగా డబ్బాలో వస్తాయి. పట్టకారుతో ఒక్కొక్కటీ పట్టుకుని, ఊపిరి బిగబట్టి అతికించి, రంగెయ్యాలి. డయాలసిస్ మొదలై, సోంపేటలో మోటార్ల రిపేరు షాపు మూసేశాక, మొగుడు గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడని తనూజే తెప్పించి ఇచ్చింది. తెప్పించినందుకు ఇప్పుడు తన చెంపలు తనే వాయించుకోవాలనిపిస్తోంది.

సాయంత్రం రైలు. రేపు విశాఖలో కిడ్నీ మార్పిడికి ఆసుపత్రిలో చేరాలి. కిడ్నీ ఇచ్చేది నాగరాజు తల్లి సన్యాసమ్మ, తనూజకి సొంత మేనత్త. పరీక్షలన్నీ కుదిరాయి. అయినా ఇప్పటికే రెండుసార్లు తేదీ తప్పిపోయింది. ఈసారీ రాకపోతే ఆ తేదీ ఇంకొకరికి ఇచ్చేస్తామని, మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాలని, అందాకా ఈయన ఒళ్లు ఆగుతుందని మాత్రం అనుకోవద్దని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. ఇంటికో కిడ్నీ రోగి ఉండే ఉద్దానంలో పుట్టినవాళ్లకి ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. సన్యాసమ్మ మొగుడు ఇదే జబ్బుతో పోయాడు. అలా పోయినవాళ్లని లెక్కపెట్టడం ఊరు ఎప్పుడో మానేసింది.

రెండుసార్లూ అడ్డమొచ్చింది ఈ కారే. మొదటిసారి వంకాయరంగు పెయింటు పొంగి పొరలు లేచిపోయింది. రెండోసారి ముందద్దం మసకేసింది. "సముద్రపు గాలి. తేమకి అలాగే అవుద్ది" అన్నాడు నాగరాజు. కొత్త అద్దం పోస్టులో వచ్చేసరికి ఆసుపత్రి తేదీ దాటిపోయింది. అరచేతిలో ఇమిడే బొమ్మకారు కోసం ప్రాణం మీదికి తెచ్చుకునే మనిషిని ఏమనాలి? చుట్టాలు నవ్వారు. తనూజ నవ్వలేదు. ఏదో మొక్కు పెట్టుకున్నాడు కాబోలు, రోగిష్టి మనిషి, ఆ సరదా తీరనీ అని నోరు మూసుకుంది.

ఈ పొద్దున కొత్త అద్దం బిగించాడు. తళతళలాడిపోయింది. బానెట్ మీద ఆఖరి పూత వేశాడు. "ఇది ఆరితే అయిపోయినట్టే" అన్నాడు. తనూజకి ప్రాణం లేచొచ్చింది. సంచులు సర్దేసి, బట్టలు తీద్దామని పెరట్లోకి వెళ్లింది. తీగ మీంచి చీర లాగుతూ కిటికీలోంచి యథాలాపంగా లోపలికి చూసింది.

నాగరాజు దూదికి రంగు కరిగించే థిన్నర్ అద్దుకుని, ఆ అద్దం మీద నెమ్మదిగా రాస్తున్నాడు.

చూస్తుండగానే అద్దం పాలు విరిగినట్టు తెల్లబడింది. అతని చెయ్యి కొంచెమైనా వణకలేదు.

తనూజకి ఒళ్లు మండిపోయింది. బట్టలు అక్కడే పడేసి లోపలికి దూసుకొచ్చింది.

"ఏటి సేత్తన్నావు బావా?"

అతను దూది గుప్పిట్లో దాచేశాడు. "ఏట్నేదు. మళ్లీ మసకేసింది, సూడు. ఇంకో అద్దం తెప్పించాల."

"మసకెయ్యలేదు, నువ్వేసినావు. నా రెండు కళ్లతో సూసినాను. అప్పుడు రంగు కూడా నువ్వే పాడుసేసినావా?"

నాగరాజు గుప్పిట విప్పి, దూది కిటికీలోంచి బయట పడేశాడు.

"బతకాలని లేదా నీకు? నా మొకం సూసి సెప్పు. నానేటయిపోవాల?"

"ఉంది" అన్నాడు. "బతకాలనుంది తనూ. అదే నాకు సిగ్గుగా ఉంది. అమ్మని కోయించి నానెలా బతికేది? అయ్యకొచ్చిన జబ్బు రేపు అమ్మకొత్తే? ఉన్న ఆ ఒక్క కిడ్నీ కూడా పాడైతే? వొద్దంటే ఇంటాదేటి అమ్మ? వొద్దని అన్లేను, పదమనీ అన్లేను. కారు పేరు సెప్పి దినాలు దాటించినాను."

ఇంతసేపూ కోపమే తనూజ బలం. అది కాస్తా జారిపోయింది. ఆటో వచ్చే వేళవుతోంది. పెద్ద మగాణ్ణి ఎత్తుకెళ్లి రైల్లో పడెయ్యలేదు కదా!

గుమ్మంలో సన్యాసమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఏమో. చేతిలో పళ్లెం, పళ్లెంలో తడి పసుపు, కుంకుమ, కర్పూరం, పెరటి చెట్టు నిమ్మపిందెలు.

ఆమె ఎవరి మొహమూ చూడలేదు. నేరుగా బల్ల దగ్గరికెళ్లి, పసుపులో వేలు ముంచి, కారు బానెట్ మీద గట్టిగా ఒక బొట్టు అద్దింది.

"అమ్మా! రంగు ఆర్లేదే!" నాగరాజు అరిచాడు. వంకాయరంగులో ఆమె వేలిముద్ర నిండుగా దిగబడిపోయింది. "అయ్యో అత్తా" అని తనూజ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఇంకేముంది, మళ్లీ రంగు గీకాలి, మళ్లీ పూయాలి. ఈసారి వంకని ఆవిడే చేతికందించింది.

సన్యాసమ్మ పసుపు మీద కుంకుమ పెట్టింది. కర్పూరం వెలిగించబోతే తనూజ థిన్నర్ సీసాని చప్పున అందుకుని బయట పెట్టేసి వచ్చింది. హారతి అయింది.

"పూజైపోయింది" అంది సన్యాసమ్మ. "పూజైన బండిని మళ్లీ ఇప్పుతారేట్రా ఎవలైనా? ఇంకది రోడ్డెక్కాల."

"అద్దంలోంచి దారి కనపడదమ్మా..."

"నాను సూత్తాన్లే దారి. మీ అయ్యకి నా కిడ్నీ ఇయ్యొచ్చని అప్పుడెవలూ సెప్పనేదు. మంచం కాడ సూత్తా కూర్సున్నాను. ఇంకోపాలి అలా కూర్సోలేన్రా నాయినా. నాకు భయం నేదనుకున్నావేటి? ఉంది. భయంతోనే ఒత్తన్నాను."

కొత్త బండి కదిలేముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం అందరూ చేసేదే. అయితే మామూలు కాయలు ఈ కారుని ఎత్తేస్తాయి. అందుకని ఆవిడ బఠానీలంత పిందెలు వెతికి వెతికి తెచ్చింది. ముందు చక్రాల కింద చెరొకటీ పెట్టింది. తనూజకి అప్పుడు అర్థమైంది. ఆరని రంగు మీద బొట్టు పెట్టింది తెలియక కాదు. కొడుకు నాటకం ఆ తల్లికి ఎప్పుడో తెలుసు.

"తొక్కించు" అంది సన్యాసమ్మ.

నాగరాజు కారు వెనక చూపుడువేలు ఆనించాడు. మెల్లగా తోశాడు. కారు కదల్లేదు. ఇంకాస్త తోశాడు. ఒక పిందె చిట్లి నిమ్మవాసన వచ్చింది. ఆ వెంటనే టక్కుమని చప్పుడు. ముందు చక్రం ఒకటి ఊడి, బల్ల చివరిదాకా దొర్లి, పడిపోయింది. కారు ఒక పక్కకి ఒరిగింది.

అపశకునం అన్న మాట తనూజ నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి ఆపుకుంది. వీధిలో ఆటో హారన్ మోగింది.

నాగరాజు వంగి చక్రం తీసుకున్నాడు. ఊచలు నలుగుతాయన్న దిగులు లేకుండా వేళ్లతోనే పట్టుకున్నాడు. తల్లి కొంగు లాక్కుని, చివర్న చక్రం పెట్టి, ముడేశాడు.

"ఇది నీ కాడుంచు. ఇంటికొచ్చినాక నువ్వే ఇప్పి నా సేతికియ్యాల. అప్పుడే అతికిత్తాను. ఇంకెవలిచ్చినా అతకను. ఇన్నావా అమ్మా? నువ్వే ఇయ్యాల."

సన్యాసమ్మ ముడిని ఇంకాస్త బిగించి బొడ్లో దోపుకుంది. కళ్లు తుడుచుకోలేదు.

"అలాగేలే. ముందు సొక్కా మార్సుకో, రైలెల్లిపోద్ది."