నీళ్ళ పళ్ళెం

తాళంచెవులకు తగిలించుకుంటే ముచ్చటగా ఉంటుందని, మిగిలిపోయిన ఖాళీ తూటా గొట్టానికి చిల్లు పెట్టబోయాడు ఓబులాచారి. కదలకుండా ఉండాలని మొదలు దగ్గర పటకారుతో పట్టుకున్నాడు. గట్టిగా కూడా పట్టుకోలేదు. గొట్టం సొట్టపడింది.

అతని నవ్వు మొహం మీదే ఆగిపోయింది. పెట్టెలోంచి ఇంకా మంట తగలని గొట్టం ఒకటి తీసి అలాగే నొక్కాడు. పటకారు జారింది తప్ప ఇత్తడి కదల్లేదు. మళ్ళీ మొదటిది నొక్కాడు. అరటిపండులా నలిగింది. అప్పుడు అర్థమైంది మహానుభావుడికి తను ఏం చేశాడో.

అరబ్బు దేశంలో, ముబారక్ అల్ కబీర్ అనే ప్రాంతంలో అతను పనిచేసే ఇంటి యజమాని, అతనికి వీసా ఇచ్చిన కఫీల్, అబూ నాసర్. పనివాళ్ళకు బాబా. సైన్యంలో తుపాకులు బాగుచేసే పనిలో ఉండి రిటైరైన ముసలాయన. వాళ్ళ నాన్న వేటకు వాడిన పాత తుపాకీ ఒకటి లైసెన్సుతో సహా ఆయన దగ్గరుంది. దానికి సరిపడే తూటాలు మాత్రం ఇప్పుడు ఏ దేశంలోనూ తయారు కావడం లేదు. అందుకని బాబా వేరే కొలత తుపాకీ ఖాళీ గొట్టాలు తెప్పించి, ఉక్కు అచ్చులో దూర్చి, ప్రెస్సుతో నొక్కి, మెడ సన్నం చేసి, పొడవు కోసి, తన తుపాకీకి సరిపోయేలా మార్చుకుంటాడు. అన్న చొక్కా విప్పి తమ్ముడికి కుట్టినట్టు.

చిక్కల్లా మెడ దగ్గరే. సన్నం చేసేటప్పుడు ఇత్తడి బిగుసుకుపోయి చీలిపోయేది. అందుకే బాబా గొట్టాలన్నిటినీ వెడల్పాటి పళ్ళెంలో నిలబెట్టి, నడుము దాకా నీళ్ళు పోసి, పైనున్న మెడలకు మాత్రం ఒక్కొక్కదానికే మంట చూపించేవాడు. పూట పట్టేది.

అది చూస్తుంటే ఓబులాచారికి చేతులు దురదపెట్టేవి. అతను కంచరి బిడ్డ. ప్రొద్దుటూరులో తండ్రి బిందెలు కొడుతుంటే కొలిమి ఊదినవాడు. దెబ్బలు తిని బిగుసుకున్న ఇత్తడిని ఎర్రగా కాల్చి తీస్తే చెప్పినమాట వింటుందని ఎవరూ అతనికి నేర్పక్కర్లేదు. నిప్పు పక్కన నీళ్ళేమిటి, ముసలాయనకు మంటంటే భయం కాబోలు అనుకున్నాడు. మిగతావి నువ్వు చెయ్యి అని బాబా స్నేహితుల దివానియాలో కబుర్లకు వెళ్ళిన రోజు, పళ్ళెం పక్కన పెట్టేసి, గొట్టాలన్నిటినీ బొగ్గుల కుంపట్లో పోశాడు. నిలువెల్లా ఎర్రబడ్డాక నీళ్ళలో ముంచాడు. చింతపండేసి తళతళా తోమాడు. ప్రెస్సులో పెడితే ఒక్కటీ చీలలేదు.

బాబా మురిసిపోయాడు. ఎలా చేశావని అడగలేదు, భుజం తట్టి "ఉస్తాద్!" అన్నాడు. కార్లు తుడిచే మనిషిని ఆ దేశంలో ఎవరూ ఆ మాట అనలేదు. ఓబులాచారి కాళ్ళు వారమంతా నేల మీద లేవు.

ఇప్పుడు ఆ నీళ్ళెందుకో తెలిసింది. మెడ మెత్తబడాలి, మొదలు మెత్తబడకూడదు. తుపాకిమందు పేలితే ఆ ఊపంతా మోసేది మొదలే. అది ఓర్చుకోలేకపోతే నిప్పు వెనక్కి తంతుంది. దాని వెనక ఉండేది కాల్చేవాడి చెంప, కన్ను. బాబా ఆ గొట్టాల్లో మందూ గుండూ కూరి, ఆ తూటాలు తీసుకుని ఈ పొద్దున్నే ఎడారిలోని గుడారానికి వెళ్ళాడు.

వంటింట్లో పనిచేసే రాయచోటి రెడ్డెమ్మ టీ తెచ్చి అతని మొహం చూసింది.

"ఏందన్నా, అట్ల తెల్లగైపోతివి?"

చెప్పాడు. ఆమె గ్లాసు కింద పెట్టేసింది.

"నోరు మూసుకోని కూచ్చో. ఏం గాకపోతే ఎవురికీ తెలీదు. తుపాకీ యవ్వారమన్నా ఇది. కావాల్నే చేసినాడంటే నీ జన్మంతా జైల్లోనే."

"ఆయప్పకు కన్ను పోతే?"

అంటూనే ఓబులాచారి మెట్లెక్కాడు.

మామా, అంటే అబూ నాసర్ భార్య, అంతా విన్నది. తిట్టలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. బాబాకు ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. కారు తాళాలు తీసుకుని, ఫోను అతని చేతిలో పెట్టి, "ఎక్కు. చేస్తూనే ఉండు" అన్నది.

వఫ్రా రోడ్డు మీద ఆమె కారు ఎంత వేగంగా తోలిందో ఓబులాచారికి తెలియదు. చెవిలో ఫోను మోగుతూనే ఉంది. మోగిన ప్రతిసారీ ఆ ముసలాయన తుపాకీ చెంపకు ఆనించుకున్నట్టే కనపడింది. తండ్రి పేరు, కులదైవం పేరు, గుర్తొచ్చిన ప్రతి పేరూ తలుచుకున్నాడు.

తారు రోడ్డు దిగి ఇసుకలో పడేసరికి దూరంగా ఢామ్మని వినిపించింది. మామా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కారు మాత్రం ఆపలేదు.

గుడారం ముందు బాబా ఇసుకలో కూర్చుని ఉన్నాడు. మొహం మీద గాటు లేదు. చేతిలో పొడవాటి తాడు, ఆ తాడు చివర పాత టైరుకు కట్టేసిన తుపాకీ. కొత్తగా చేసిన తూటాలతో మొదటి దెబ్బ ఎప్పుడూ అలా టైరుకు కట్టి, దూరం నుంచి తాడు లాగి కొట్టడం ఆయన పాత సైనికుడి అలవాటు. తుపాకీ కర్ర నిలువునా చీలిపోయింది. ఇనుప గడియ వంకరపోయింది. కాల్చేవాడి మొహం ఉండాల్సిన చోటికి వెనక ఉన్న నీళ్ళ డబ్బా చిల్లులు పడి కారుతోంది.

ఓబులాచారికి ఏడుపొచ్చింది. మనిషి బతికున్నాడు. చాలు, ఇంకేమీ వద్దు అనుకున్నాడు.

అప్పుడు బాబా భార్య వైపు చూసి అన్నాడు: "మందు ఎక్కువ పోసుంటాను. కళ్ళు మసకబారాయి, చేతులకు పట్టు తప్పింది. మా నాన్న తుపాకీని నా చేతులతోనే చంపుకున్నాను. ఖలాస్. ఆ ప్రెస్సు ఎవరికైనా ఇచ్చేస్తాను."

మామా ఓబులాచారి వైపు చూసింది. చూసి, తల తిప్పుకుని, ఇసుక వైపు చూడసాగింది. చెప్పడం, చెప్పకపోవడం అతనికే వదిలేసింది. ఊరికే ఉంటే ఉద్యోగం ఉంటుంది, ఉస్తాద్ అన్న పేరూ ఉంటుంది. ముసలాయన మాత్రం ఇక తన చేతులను నమ్మడు.

"మందు కాదు బాబా" అన్నాడు వచ్చీరాని అరబ్బీలో. "మీ చేతులు బాగున్నాయి. తప్పు నాది." జేబులోంచి సొట్టపడిన గొట్టం తీసి ఇచ్చాడు. కుంపటి సంగతి చెప్పాడు.

బాబా దాన్ని అటూ ఇటూ తిప్పాడు. రెండు రాళ్ళ మధ్య పెట్టి నొక్కాడు. నలిగింది.

"నీళ్ళెందుకని నన్ను అడగొచ్చు కదా?"

"అడిగితే పని రానివాడు అనుకుంటారని, బాబా."

ముసలాయన కోప్పడతాడనుకున్నాడు, కొడతాడనీ అనుకున్నాడు. ఆయన లేచి, టైరు మీది తాడు తనే విప్పుకుని, చీలిన తుపాకీని చిన్నపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని కార్లో పెట్టుకున్నాడు.

ఓబులాచారిని పంపించలేదు. కొన్నాళ్ళకు తుపాకీకి కొత్త కర్ర, కొత్త గడియ వచ్చాయి. వెనక గదిలో మళ్ళీ గొట్టాలు నిలబడ్డాయి. ఉస్తాద్ అన్న మాట మాత్రం బాబా నోట ఇంకెప్పుడూ రాలేదు.

ఆ రోజు ఓబులాచారి పళ్ళెం ముందు చెంబుతో నిలబడి, "ఎంతదాకా పొయ్యాలి బాబా?" అని అడిగాడు. తెలిసే అడిగాడు. బాబా అతని మొహం వైపు కాసేపు చూసి, గొట్టం నడుము మీద వేలు పెట్టి చూపించాడు.