వినబడని ఈల

పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని కుడి చెవికి అదిమిపెట్టి పర్వతాలు కళ్లు మూసుకున్నాడు. ఇంజన్ దడదడ పిడిలోంచి పుర్రెలోకి పాకింది. దాని మీద సన్నగా, తీగలా ఉండాల్సిన ఇంకో చప్పుడు కోసం ఊపిరి బిగబట్టి వెతికాడు. ఏమీ లేదు. ఆ చప్పుడు ఇంజన్‌లో లేదో, తన చెవిలో లేదో అతనికి తెలియలేదు. ఎనిమిది నెలలుగా ప్రతి ఉదయం అంతే.

గుండ్లపోచంపల్లి దగ్గర హైవే సర్వీసు రోడ్డు పక్కన ఆ రేకుల షెడ్డు రాఘవేందర్‌ది. తండ్రి పొలం ప్లాట్లుగా పోయాక మిగిలిన ముక్కలో కట్టించాడు. పదకొండేళ్లుగా అక్కడ పెద్ద మెకానిక్ పర్వతాలే. యాభై ఆరేళ్ల సన్నటి మనిషి. వంగిన మెడ, ఎప్పుడో నలిగి రెండుగా చీలి పెరిగిన ఎడమ బొటనవేలి గోరు. మేడ్చల్ బస్ డిపో వెనక రెండు గదుల్లో అతనూ భార్య రాధమ్మా ఉంటారు. సొంత షెడ్డు పెట్టమని ఒకరిద్దరు అన్నా ధైర్యం చాలలేదు. గొప్పగా చెప్పుకోవడానికి అతనికి ఉన్నది ఒక్కటే. బండి గేటు లోపలికి వస్తుండగానే, చప్పుడును బట్టి రోగం చెప్పేవాడు. చుట్టుపక్కల షెడ్లవాళ్లు అతన్ని చెవి పర్వతాలు అనేవారు.

మొదట పోయింది సీటు బెల్టు గంట. బెల్టు పెట్టుకోకపోతే కారులో టింగు టింగుమని మోగాలి. ఒకరోజు ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటోంది గాని గంట మోగలేదు. వైరు తెగిందనుకుని డాష్‌బోర్డు విప్పబోయాడు. పక్కనున్న మనిషి విసుక్కుంటూ బెల్టు పెట్టుకోమన్నప్పుడు అర్థమైంది, గంట మోగుతూనే ఉందని. ఎవరికీ చెప్పలేదు. రాధమ్మ మాత్రం ఏమీ అడగకుండానే గొంతు పెంచి మాట్లాడటం మొదలుపెట్టింది.

పదిన్నరకు దీప కారు వచ్చింది. తూంకుంటలో ఉండే నర్సు. డీజిల్ బండి, తొమ్మిదేళ్ల పాతది. దిగీ దిగగానే ఆమె చెప్పింది: శామీర్‌పేట దాటాక పసుపు దీపం వెలిగింది, కాలు ఎంత నొక్కినా బండి లాగలేదు, వెనక ట్యాంకరు హారన్ కొడుతూ మీదికి వచ్చేసింది, అంచుకు ఎలా తీసిందో తనకే తెలియదు. చెబుతున్నంతసేపూ తాళంచెవిని గుప్పిట్లో పట్టుకునే ఉంది.

పర్వతాలు బండి కంప్యూటర్‌కు స్కానర్ తగిలించాడు. బూస్ట్ తక్కువని కోడ్ వచ్చింది. ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే చిన్న చక్రమే టర్బో. అది నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. ఇంజన్ అడిగినంత గాలి అందడం లేదని మాత్రమే స్కానర్ చెబుతుంది. ఎక్కడ పోతోందో చెప్పదు. ఒకప్పుడైతే గాలి ఎక్కడ బుసకొడుతోందో నిలబడ్డచోటు నుంచే చెప్పేవాడు. ఇప్పుడు గొట్టాల మూతి బిగించి, కంప్రెసర్‌తో గాలి పట్టించి, సబ్బునీళ్లు చల్లుతూ పోయాడు. కింది గొట్టం వంపు దగ్గర నురగ లేచింది. జానెడు పొడవున చీలిక. చెవి అక్కర్లేకుండానే దొరికినందుకు గోడకు ఆనుకుని కాసేపు నిలబడ్డాడు.

కొత్త గొట్టం వేసి, కోడ్ చెరిపి, దీపను పక్కన కూర్చోబెట్టుకుని బండి తీశాడు. మేడ్చల్ దాటి శామీర్‌పేట రోడ్డెక్కి మూడో గేరులో గట్టిగా తొక్కాడు. స్కానర్‌లో అంకెలు చకచకా పైకి లేచాయి. బండి ముందుకు దూకింది. పసుపు దీపం వెలగలేదు.

"కాకా, గా సీటీ ఏంది?" అంది దీప.

పర్వతాలు కాలు తీయలేదు. తీస్తే తనకు వినబడలేదని తెలిసిపోతుందనిపించింది. ఇంజన్ గుర్రుమంటోంది, టైర్లు రోడ్డు మీద రాస్తున్నాయి. అంతకు మించి ఈల లాంటిదేమీ లేదు.

"టర్బో బండి గట్లనే అంటది బిడ్డా."

"ఇంతకుముందు లేకుండె. నెల సంది వస్తాంది. ఇయ్యాల ఇంకా ఎక్కువైంది." ఆమె అతని వైపు తిరిగింది. "నీకు ఇనబడ్తాందా?"

"ఇనబడ్తాంది," అన్నాడు.

తిరిగి వచ్చే దారంతా స్టీరింగ్ మీద అతని వేళ్లు బిగుసుకునే ఉన్నాయి. మంచి టర్బో కూడా కాస్త ఈల వేస్తుంది. లోపల ఇరుసు అరిగితే ఆ ఈల సైరన్‌లా మారుతుంది. ఆ రెండింటికీ మధ్య తేడా వెంట్రుకవాసి. ఆ వెంట్రుకవాసి తెలిసినందుకే ఇన్నేళ్లు తనను మనిషిగా లెక్కపెట్టారు. ఇరుసు విరిగితే నూనె ఇంజన్‌లోకి దూకుతుంది. డీజిల్ ఇంజన్ ఆ నూనె తాగుతూ, తాళం తీసేసినా ఆగకుండా పిచ్చెక్కినట్టు తిరుగుతుంది. మేడ్చల్‌లో ఒక లారీ అలా అరుస్తుంటే మనుషులు గోడ దూకి పారిపోవడం అతను చూశాడు. ఆ రోజు అందరికన్నా ముందు పారిపోయింది తనే.

షెడ్డులో రాఘవేందర్ బండి సంగతి అడిగాడు. పర్వతాలు తల ఊపాడు. బాగైందని అర్థం చేసుకుని అతను లోపలికి వెళ్లాడు. దీప డ్రైవింగ్ సీట్లో కూర్చుని అద్దం సరిచేసుకుంది. వెనక సీట్లో ఒక దిండు, మడతపెట్టిన బొంత కనబడ్డాయి. వాటిని చూస్తున్నాడని ఆమె గమనించింది.

"మా బాపుకు కాకా. వారానికి మూడుసార్లు డయాలసిస్. రేపు పొద్దుగాల తీస్కపోవాలె."

ఆమె తాళం తిప్పింది. పర్వతాలు వెళ్లి బండి ముందు నిలబడ్డాడు. ఏం జరిగిందోనని రాఘవేందర్ బయటికి వచ్చాడు.

"దిగు బిడ్డా," అన్నాడు పర్వతాలు. "నేను అబద్ధం జెప్పిన. నాకు ఆ సీటీ ఇనబడలే. అసలు నాకు సన్నటి చప్పుడే ఇనబడ్తలేదు."

దీప దిగింది. పర్వతాలు ఇంజన్ ఆపి, చల్లారేదాకా ఆగి, టర్బో మూతికున్న పైపు ఊడదీశాడు. లోపల చక్రం నూనెతో తడిసి ఉంది. రెండు వేళ్లతో పట్టుకుని ఆడిస్తే కదిలే పాలపన్నులా అటూ ఇటూ ఊగింది. రెక్కల చివర్లు గోడకు రాసుకుని తెల్లగా మెరుస్తున్నాయి. రాఘవేందర్ కూడా ఆడించి చూసి చేయి వెనక్కి తీసుకున్నాడు. రేపటికి వేరే బండి మాట్లాడుకోమని దీపకు చెప్పాడు. ఆమె దిండూ బొంతా తీసుకుని ఆటో ఎక్కింది. ఎక్కే ముందు పర్వతాలు మోచేతిని ఒకసారి పట్టుకుని వదిలింది.

"ఎన్నటి సంది అన్నా?" రాఘవేందర్ అడిగాడు.

"ఎనిమిది నెలలు సేట్."

చెప్పకపోతే ఎలాగని గాని, ఎందుకు దాచావని గాని అతను అనలేదు. చేతి పని చేస్తూ ఉండమన్నాడు. చప్పుళ్లు వినడానికి ఇంకొకరిని పెడతానన్నాడు. పర్వతాలు ఆ మాట విన్నట్టు లేదు. అతని భయం ఇప్పుడు తన గురించి కాదు.

"ఈ ఎనిమిది నెలల్ల నా చేతి నుంచి పోయిన టర్బో బండ్లన్నిటికీ ఫోన్ జెయ్ సేట్. సీటీ వస్తాందా అని అడుగు. నేను జేద్దామంటే ఫోన్ల మాట సక్కగ తెలుస్తలేదు."

రాఘవేందర్ పనుల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. పర్వతాలు రెండు కార్ల మధ్య అట్టపెట్టె విప్పి పరిచి, దాని మీద వెల్లకిలా పడుకుని దీప కారు కిందికి జరిగాడు. టర్బో దింపడానికి గంటన్నర పట్టింది. బోల్టులను వేళ్లతోనే గుర్తుపట్టి వరసగా పేర్చాడు. పైన రాఘవేందర్ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఒక బండి బాగానే ఉందట. ఇంకొకటి అమ్మేశారట. ప్రతి నంబరుకూ పర్వతాలు చేతులు ఆపి, కారు కింది నుంచి తల బయటికి జరిపి అతని ముఖం చూశాడు.

నాలుగింటికి టర్బోను శుభ్రమైన గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టాడు. సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని చొక్కా మార్చుకున్నాడు. రాఘవేందర్ ఫోన్ చెవికి పెట్టుకునే, ఆగమని చేయి ఎత్తాడు.

"రేపటి సంది రాను సేట్," అని మెల్లగా అన్నాడు పర్వతాలు. ఎంత మెల్లగా అన్నాడో అతనికే తెలియదు; ఫోన్‌లో ఉన్న రాఘవేందర్‌కు వినబడలేదు. గేటు దాటి, వచ్చే బండ్లను ఒకటికి రెండుసార్లు చూసుకుని రోడ్డు దాటాడు. మేడ్చల్ బస్సు వస్తే ఎక్కాడు.

పద్నాలుగో ఫోన్‌కు, కొంపల్లి నుంచి ఒకాయన, అవును సీటీ వస్తోంది, ఇవాళ ఇంకా పెరిగింది అన్నాడు. బండిని కదిలించవద్దని, తామే వస్తామని చెప్పి రాఘవేందర్ గభాలున లేచాడు. పర్వతాలన్నా అని కేక వేస్తూ కార్ల మధ్యకు పరుగెత్తాడు. అక్కడ నేల మీద అట్ట పరిచే ఉంది. దాని మీద రెండు భుజాల నూనె మరకలు, వాటి మధ్య వెన్ను ఆనని చోట సన్నగా, పొడుగ్గా, అట్ట అసలు రంగు.